జడలు కట్టిన జుట్టు

తల వెంట్రుకలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, దువ్వెన దిగని గట్టి పాయలుగా మారడాన్ని జడలు కట్టడం అంటారు. పాత గ్రంథాల్లో ఇవి జటలు, ఇప్పటి కుర్రకారు నోట డ్రెడ్‌లాక్స్. మూడు పాయలు తీసి అల్లుకునే జడతో దీన్ని కలపకూడదు. అల్లిన జడ సాయంత్రం విప్పితే జుట్టు మళ్లీ జారుతుంది, కట్టిన జడ విప్పుదామన్నా రాదు. దువ్వడం మానేస్తే వాటంతటవే కట్టేవి కొన్ని, ఒక్కో పాయ తీసి చేతివేళ్లతోనో సూదితోనో పనిగట్టుకుని కట్టించేవి కొన్ని. ఈ రెండో రకం సెలూన్లు తెచ్చిన కొత్త ఫ్యాషన్ అని చాలామంది అనుకుంటారు. రామాయణం చదివినవాళ్లు ఒప్పుకోరు.

2012లో ఖమ్మం నగరపాలక సంస్థలో కలిసిన ఖానాపురం హవేలి నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం అడవి అంచు దాకా ఉన్న ప్రాంతం ఈ విషయం చెప్పుకోవడానికి అనువైన చోటు. ఒక కొసన జటలు ధరించిన రాముడు ఉన్నాడని జనం నమ్మే పర్ణశాల ఉంది. చుట్టుపక్కల జాతరల్లో శివసత్తుల పూనకాలున్నాయి. వీటికి తోడు కొత్తగా జడలు పెంచేవాళ్ల ఓపికకు పరీక్ష పెట్టే ఎండ, ఉక్క, బోరునీళ్లు ఉన్నాయి.

వెంట్రుక జడ ఎందుకు కడుతుంది

వెంట్రుక పైపొర నున్నగా కనిపించినా, నిజానికి అది కుదురు నుంచి కొస వైపు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే సన్నటి పొలుసుల వరుస. రెండు వెంట్రుకలు ఎదురెదురు దిశల్లో రాసుకుంటే ఆ పొలుసులు పట్టుకుంటాయి. తడి, వేడి, రాపిడి కలిస్తే పట్టు బిగుస్తుంది. కురుమల గొంగడి తడిసి ఎండిన కొద్దీ దగ్గరపడటం వెనుక ఉన్నదీ ఇదే గుణం. ఉంగరాల జుట్టులో ప్రతి మలుపూ పక్క వెంట్రుకకు కొక్కెం అవుతుంది కాబట్టి అది తొందరగా జడ కడుతుంది. నిటారు జుట్టు జారిపోతుంది కాబట్టి మొండికేస్తుంది. తెలుగువాళ్లలో ఎక్కువమందిది ఈ రెంటికీ మధ్యరకం, కాస్త అల తిరిగిన మందపాటి నల్లజుట్టు. ఆఫ్రికా సంతతివారి జుట్టు కోసం రాసిన సూచనలను ఉన్నదున్నట్టు మన తలకు వాడితే సగమే పనిచేయడానికి కారణం ఇదే.

మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతాయి, రోజుకు 50 నుంచి 100 దాకా రాలతాయి. మామూలుగా దువ్వుకునేవాళ్లకు రాలినవి దువ్వెనలో వస్తాయి. ఇంటింటా వాటిని ఉండచుట్టి చూరులో దోపి, చిక్కు వెంట్రుకలు కొనే స్టీలు సామాన్లవాడు వీధిలోకి వచ్చినప్పుడు గిన్నెకో గరిటెకో మార్చుకుంటారు. జడలున్నవాళ్ల తలలో ఆ రాలిన వెంట్రుక బయటికి రాదు, జడ లోపలే ఉండిపోతుంది. ముదిరిన జడలో గణనీయమైన భాగం ఎప్పుడో కుదురు వదిలేసిన వెంట్రుకే. అందుకే జడ బరువెక్కుతుంది, అందుకే విప్పడం అంత కష్టం. జడ విప్పితే కుప్పలుగా జుట్టు ఊడిందని భయపడనక్కరలేదు. అది ఏళ్ల తరబడి రాలి, లోపల నిలిచిపోయినదే.

మర్రిపాలు, పుష్కరాలు

జడలు కట్టించే పద్ధతి గురించి మనకు దొరికే పాత వర్ణనల్లో వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలోనిది ఒకటి. గంగ ఒడ్డున గుహుడి చేత మర్రిపాలు తెప్పించుకుని, రాముడు ఆ జిగురుతో తనకూ లక్ష్మణుడికీ జటలు కట్టాడని కవి చెబుతాడు. నందిగ్రామంలో భరతుడూ జటలు ధరించే పాదుకలకు పాలన అప్పగించాడు. రాచకొడుకుల నున్నటి తలలు ఒక్క పూటలో మునుల తలలు కావాలంటే బంక కావాలి మరి. అంతకంటే ఆసక్తికరమైన సంగతి యుద్ధకాండ చివర ఉంది. పద్నాలుగేళ్ల తర్వాత నందిగ్రామంలో నేర్పరులైన మంగళ్లు వచ్చి జటలు సరిచేశాకే రాముడు స్నానం చేసి పట్టాభిషేకానికి సిద్ధమయ్యాడు. వేయడానికో సందర్భం, తీయడానికో సందర్భం ఉన్న దీక్ష అది. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో గోదావరి ఒడ్డున ఉన్న పర్ణశాలలో ఆ వనవాసం గడిచిందని ఈ ప్రాంతపు నమ్మకం. అక్కడి గైడ్లు సీతమ్మ నారచీరల గుర్తులు చూపిస్తారు గాని, జటల ముచ్చట ఎత్తడం తక్కువ.

శివుడి సంగతి చెప్పేదేముంది. గంగను పట్టి ఆపినది జటాజూటమే. దక్షయజ్ఞం చెదరగొట్టడానికి శివుడు ఒక జట పెరికి నేలకు కొడితే వీరభద్రుడు పుట్టాడని పురాణకథ. ఆ వీరభద్రుడికి మహబూబాబాద్ జిల్లా కురవిలో పెద్ద గుడి ఉంది. నల్గొండ జిల్లా నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు మీది స్వామి పేరే జడల రామలింగేశ్వరుడు. అమావాస్య రాత్రుళ్లు ఆ గుట్ట జనంతో నిండిపోతుంది. పన్నెండేళ్లకోసారి వచ్చే గోదావరి పుష్కరాలకు, గతసారి 2015లో వచ్చినప్పటిలాగే, భద్రాచలం రేవుల్లో జడలు కట్టిన సాధువులు కనిపిస్తారు. వాళ్లలో చాలామంది జడలకు విభూతి పట్టిస్తారు. బూడిద తేమనూ జిడ్డునూ పీలుస్తుంది, జారే వెంట్రుకకు గరుకుదనం ఇస్తుంది. భక్తి ఎలా ఉన్నా, జడకు అది పనికొచ్చే పదార్థమే.

సినిమా ఈ రూపాన్ని ఎప్పుడూ వదల్లేదు. 2021లో బోయపాటి శ్రీను తీసిన ‘అఖండ’లో నందమూరి బాలకృష్ణ వేసిన అఘోరా పాత్ర తర్వాత జడలు మాస్ హీరో అలంకారం కూడా అయ్యాయి. అంతకు ముందు 2008లో హైదరాబాద్ డెక్కన్ ఛార్జర్స్ తరఫున తొలి ఐపీఎల్ ఆడిన ఆండ్రూ సైమండ్స్ తలను చూసి, ఇది సన్యాసులకే కాదన్న సంగతి క్రికెట్ చూసే కుర్రాళ్లకు తెలిసింది.

దేవుడి జడ

ఇక్కడ కథ కొంచెం చేదుగా మారుతుంది. సాధువు జడ అతడు ఎంచుకున్నది. పేద స్త్రీ తలలో కట్టిన జడ ఆమె ఎంచుకున్నది కాదు. తలంటు లేక, జ్వరంతో నెలల తరబడి మంచాన పడి, పేలు పట్టి, జిగురు తగిలి, ఎలాగైతేనేం, కుదుట్లో చిక్కు బిగిస్తే అది అమ్మవారి పిలుపని చుట్టూ ఉన్నవాళ్లు తేలుస్తారు. కర్ణాటకలో బెళగావి జిల్లా సౌందత్తి ఎల్లమ్మ చుట్టూ ఈ నమ్మకం బలంగా ఉంది. కన్నడంలో దాన్ని జెడె అంటారు, మరాఠీలో జట్. జడ వచ్చిన పిల్లను ఎల్లమ్మకు ఇచ్చేయాలన్న మాట మీద ఎంతోమంది ఆడపిల్లలు దేవదాసీలయ్యారు. తెలంగాణలో జోగినులని పిలిచే దేవదాసీల్లో, కొమురవెల్లి, ఐనవోలు మల్లన్న జాతరల్లో వీరకోల పట్టి ఆడే శివసత్తుల్లో కొందరి తలల్లో ఈ జడలు కనిపిస్తాయి. వాటికి బండారి అనే పసుపు పూస్తారు, కత్తెర తగలనివ్వరు. తీస్తే కీడు జరుగుతుందన్న భయం ఇంటిల్లిపాదికీ ఉంటుంది.

పుట్టు వెంట్రుకలు తీయని పసిపిల్లల తలలోనూ చిక్కులు కట్టడం మన ఊళ్లలో అందరూ చూసినదే. మెత్తటి జుట్టు, పడుకున్నచోట రాపిడి, కారిన పాలు, చెమట. అంతకు మించి కారణం అక్కరలేదు. అయినా ‘జడలు కట్టాయి, ఏ దేవుడికి మొక్కు ఉందో’ అని పెద్దలు ఆలోచిస్తారు. పిల్లల విషయంలో ఈ నమ్మకం వల్ల పెద్ద నష్టం లేదు. గుడికి పోయి గుండు కొట్టిస్తారు, అంతటితో సరి. ఆడపిల్ల పెద్దయ్యాక వచ్చిన జడకే బతుకంతా వెల కట్టించారు.

దేవదాసీ, జోగిని వ్యవస్థను కర్ణాటక 1982లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టాలు చేసి నిషేధించాయి. నిజామాబాద్ జిల్లాలో జోగినుల పునరావాసానికి పనిచేసినవారిలో కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం పేరు ముందు చెప్పుకోవాలి. మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ 1989లో స్థాపించిన అంధశ్రద్ధ నిర్మూలన సమితి జడలు తీయించడాన్నే ఒక ఉద్యమంగా నడిపింది. 2013 ఆగస్టు 20న పుణెలో ఆయన హత్య జరిగాక కూడా కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి, నచ్చజెప్పి, జడలు తీసే పని ఆపలేదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎల్లమ్మకు అర్పితమైన కర్ణాటక జోగతులతో కలిసి ఉండి పరిశోధించిన అమెరికా మానవశాస్త్రవేత్త లూసిండా రాంబర్గ్ తన 2014 నాటి పుస్తకంలో, సంస్కరణ పేరుతో ఆ స్త్రీల జడలు కోయడం మీద గట్టి ప్రశ్నలు వేసింది. శ్రీలంకలో కతరగామ క్షేత్ర భక్తుల జడల గురించి గణనాథ్ ఒబెయశేఖర 1981లో రాసిన ‘మెడుసాస్ హెయిర్’ ఈ అంశం మీద నేటికీ మొదట చదవాల్సిన పుస్తకం. ఆ జడల వెనుక దుఃఖమూ, విడిపోయిన కాపురాలూ, దేవుడితో కొత్త బంధమూ కలిసి ఉంటాయని ఆయన చూపించాడు. చిక్కు ఒకటే, దానికి జనం ఇచ్చే అర్థమే మారుతుంది.

పోలండ్, జమైకా

మనవాళ్లు దేవుడన్నచోట యూరప్ వైద్యులు రోగమన్నారు. పోలండ్ ప్రాంతంలో శతాబ్దాల పాటు సామాన్య జనం తలల్లో కట్టిన చిక్కుముద్దను ప్లికా పొలోనికా అని పిలిచారు. దాన్ని కోస్తే ఒంట్లోని రోగం కళ్లకో కీళ్లకో ఎక్కుతుందని అక్కడివాళ్లూ భయపడ్డారు. అంటే మన ఊళ్ల భయమే, దేవత ఒక్కతే లేదు. 19వ శతాబ్దంలో క్రాకూవ్ వైద్యాచార్యుడు యూజెఫ్ డిట్ల్ ఇది రోగం కాదని, శుభ్రత లేకపోవడమేనని వాదించి జనం చేత కోయించాడు.

జమైకాలో 1930ల్లో పుట్టిన రాస్తఫారి మతస్థులు దీనికి మూడో అర్థం ఇచ్చారు. బైబిల్ పాత నిబంధనలో నాజీరు వ్రతం పట్టినవాడు తలకు కత్తి తగలనివ్వకూడదన్న నియమం వాళ్లకు ఆధారం. తెల్లదొరల దువ్వెనకు లొంగకపోవడం వాళ్ల పంతం. బాబ్ మార్లే పాటలతో ఆ రూపం ప్రపంచమంతా పాకింది. 1845 నుంచి 1917 దాకా సుమారు 36,000 మంది భారతీయ కూలీలు ఒప్పంద పత్రాల మీద జమైకా తోటలకు వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొందరు మద్రాసు రేవు నుంచి ఓడెక్కారు. గంజాయి అలవాటూ, ఆ మాటా వాళ్లతోనే అక్కడికి చేరాయి. సాధువుల జడలు కూడా అలాగే చేరాయని కొందరు పండితులు అంటారు, కెన్యా మౌ మౌ పోరాటయోధుల ఫొటోలే స్ఫూర్తి అని మరికొందరు. ఈ తగువులో ఒక్క మూలం కోసం వెతకడం వృథా శ్రమ. ప్రాచీన ఈజిప్టు మమ్మీల తలల మీద జడలు దొరికాయి. నమీబియాలో హింబా స్త్రీలు ఎర్రమట్టి, వెన్న కలిపి నేటికీ జడలకు పూస్తారు. దువ్వని పొడవాటి జుట్టు ఏ దేశంలోనైనా చిక్కుపడుతుంది.

కొత్త జడలు వేయడం

తలను చిన్న చిన్న గళ్లుగా విడదీసి, ఒక్కో గడి నుంచి ఒక్కో జడ తీయడం అన్ని పద్ధతులకూ మొదటి మెట్టు. గడి ఎంత వెడల్పుంటే జడ అంత లావు. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. గడి మరీ చిన్నదైతే ఏడాది తిరిగేసరికి బరువెక్కిన జడను ఆ కొద్ది కుదుళ్లు మోయలేవు, మరీ పెద్దదైతే జడ లోపల తడి ఆరదు. మన మందపు జుట్టుకు చూపుడువేలు మొదటి కణుపంత గడి సరిపోతుంది. అలా తీస్తే తల మొత్తానికి యాభై, అరవై జడలు వస్తాయి.

బాగా ఉంగరాలు తిరిగిన జుట్టుకు దువ్వెన కొసతో మెలిపెట్టడం, లేదా రెండు పాయలు పెనవేయడం చాలు. నాలుగైదు అంగుళాలున్నా మొదలుపెట్టవచ్చు. నిటారు జుట్టుకు అవి రెండు రోజులు కూడా నిలవవు. దానికి వెనక్కి దువ్వే పద్ధతి కావాలి. పాయను కొస దగ్గర పట్టుకుని, సన్నటి దువ్వెనతో కుదురు వైపుకు పొట్టిగా, పదేపదే దువ్వితే వెంట్రుకలు కుదురు దగ్గర కుప్పపడి బిగుస్తాయి. కనీసం ఆరంగుళాల పొడవు లేకుంటే పట్టు దొరకదు. ఆ తర్వాత సూది పని. నర్సాపురం లేసు అల్లికల్లో వాడే క్రోషే సూదికి దగ్గరి చుట్టమే ఇది, అయితే మొన మరింత సన్నం, అర మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు లోపు. జడ మధ్యలో గుచ్చి, బయట జారిన వెంట్రుకను కొక్కేనికి తగిలించి, లోపలికి లాగాలి. సూదిని గిరగిరా తిప్పితే వెంట్రుక తెగుతుంది. పొట్టి గుచ్చులు, నిదానమైన చేయి ఉండాలి. తల మొత్తం చేయడానికి ఒక పూట చాలదు, రోజు పడుతుంది. పొడవు చాలనివాళ్లు సవరాలు కలిపి వేయించుకుంటారు. తిరుమల తలనీలాలు వేలంలో అమ్ముడై దేశదేశాలకు పోతాయి కాబట్టి, న్యూయార్కులో ఎవరి తలలోనో కలిపిన అసలు వెంట్రుక మన మొక్కుదే అయినా ఆశ్చర్యం లేదు.

మైనం, తేనె, గమ్ము, గుడ్డుసొన లాంటివి పూస్తే తొందరగా కడతాయని చెప్పేవాళ్లుంటారు. కట్టవు. మైనం నీటిని లోపలికి పోనివ్వదు, లోపలికి పోయినదాన్ని బయటికి రానివ్వదు. తేనెకు చీమలు పడతాయి. వాల్మీకి చెప్పిన మర్రిపాలు కూడా ఇప్పుడు ఎవరూ ప్రయత్నించనక్కరలేదు. ఆరిన పాలు రబ్బరులా సాగి జుట్టులోంచి ఊడి రావు.

మొదటి ఏడాది

కొత్త జడ మొదటి రెండు మూడు నెలలు జడలా ఉండదు, చెదిరిన గూడులా ఉంటుంది. కుదుళ్ల దగ్గర పోగులు లేస్తాయి, మధ్యలో ఉబ్బుతుంది, పొడవు తగ్గుతుంది. నిటారు జుట్టైతే మూడోవంతు దాకా కుంచించుకుపోవచ్చు. మూడు నుంచి ఆరు నెలల మధ్య లోపల గట్టి ముడి తగులుతుంది. ఏడాది, ఏడాదిన్నర గడిచాక గాని జడ గుండ్రంగా, అంతటా ఒకే బిగువుతో కుదురుకోదు. ఈ మధ్యకాలంలో విసిగి కోసేసేవాళ్లే ఎక్కువ.

జడలున్నవాళ్లు తలస్నానం చేయకూడదన్నది పచ్చి అబద్ధం. మురికి వల్ల జడ కట్టదు, జిడ్డు లేకుంటేనే బాగా కడుతుంది. వేసిన తర్వాత మొదటి పది, పదిహేను రోజులు ఆగి, ఆపైన వారానికోసారి తల కడగాలి. మేలో ఎండ 45 డిగ్రీల దగ్గర తచ్చాడే ఖమ్మం, కొత్తగూడెం ప్రాంతంలో వారం దాటితే చెమట ఉప్పు మాడు మీద పేరుకుని దురద మొదలవుతుంది. కండిషనర్, క్రీము, చిక్కటి నూనె లేని షాంపూను నీళ్లలో కలిపి, వేళ్ల కొసలతో మాడుకు మాత్రమే రుద్ది, ఆ నురగనే జడల మీదుగా జారనివ్వాలి. జడలను పిండి ఉతికితే పోగులు లేస్తాయి.

కుంకుడుకాయ జడలకు మంచి నేస్తం. భద్రాచలం ఏజెన్సీలో గిరిజనులు ఏరి అమ్మే అటవీ ఉత్పత్తుల్లో ఇదొకటి. జిడ్డు తీస్తుంది, మాడును మరీ ఎండబెట్టదు. అయితే పాత పద్ధతిలో రాతి మీద కొట్టి, గిన్నెలో పిసికి, తొక్కలతో సహా తలకు రుద్దితే ఆ పీచు జడలోపల చేరి ఇక రాదు. గింజ తీసిన కాయల్ని రాత్రంతా వేడినీళ్లలో నానబెట్టి, పలచటి నూలు గుడ్డలో రెండుసార్లు వడకట్టి, రసం మాత్రమే వాడాలి. ఇదే లెక్కన షీకాయ పొడి, సున్నిపిండి, గోరింటాకు ముద్ద పనికిరావు. అవి తలలోంచి పూర్తిగా పోవడం అబద్ధం. జటామాంసి తైలం పేరు చూసి మోసపోవద్దు, దానికి జడలు కట్టించే గుణమేమీ లేదు. బోరునీళ్లు గట్టివైతే సబ్బు తెల్లటి పాచిలా విరిగి జడలను బూజరగా చేస్తుంది. అలాంటిచోట సబ్బు మానాలి, చివరి కడుగుడుకు పట్టి ఉంచిన వాననీళ్లో వడకట్టిన నీళ్లో వాడుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం ఆరబెట్టడం. కొత్తగా జడలు వేసుకున్నవాళ్లు ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే చెప్పాలి. తడి జడను ఒక్కొక్కటే పాత నూలు గుడ్డలో చుట్టి, పిడికిట్లో నొక్కి నీరు తీయాలి. తర్వాత విడివిడిగా వేలాడనిచ్చి, గాలికి ఆరనివ్వాలి. వేసవిలో మధ్యాహ్నానికి ఆరిపోతాయి. జూలై, ఆగస్టు ముసురులో లావు జడ మర్నాటికీ లోపల చెమ్మగానే ఉంటుంది. ఆ తడితో కొప్పు చుట్టి పడుకుంటే లోపల బూజు పుడుతుంది. చెమ్మపట్టిన గోనెసంచి కంపు వస్తోందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. అందుకే వానాకాలంలో తలంటు పొద్దున్నే పెట్టుకోవాలి, ముసురు పట్టిన రోజు వాయిదా వేయాలి, కరెంటు ఉంటే ఫ్యాను కింద కూర్చోవాలి. అడవి అంచు గూడేల్లో, వాగు స్నానాలు రోజూ చేసేవాళ్లు జడలు సన్నవిగా వేయించుకోవడం మంచిది.

పనిచోట దుమ్ము మరో సమస్య. ఈ జిల్లాలు పత్తికి, మిర్చికి పేరుపడ్డవి. పత్తి ఏరే రోజుల్లో నూగు జడలోకి చేరితే తెల్లటి చుక్కల్లా ఉండిపోతుంది. సూదితో ఒక్కొక్కటే తీయడం తప్ప మార్గం లేదు. మిర్చి కల్లంలోనో యార్డులోనో ఘాటు ధూళి పట్టిన జడ మీద చెమట జారితే మాడంతా మంట. గ్రానైట్ కోత మిల్లుల పొడి సంగతీ అంతే. తలకు రుమాలు గట్టిగా చుట్టుకుని పనికి దిగాలి. రాత్రి పడుకునేటప్పుడు నూలు దిండుగలీబు పోగులు లాగుతుంది కాబట్టి, పాత పట్టుచీర ముక్కతో తల చుట్టుకున్నా, గలీబు కుట్టించుకున్నా జడలు నున్నగా ఉంటాయి. బైకు మీద వెళ్లేవాళ్లు జడలు వేయించకముందే హెల్మెట్ గురించి ఆలోచించాలి. పాతది పట్టదు.

కుదుళ్ల దగ్గర కొత్తగా పెరిగిన జుట్టును నాలుగు నుంచి ఆరు వారాలకోసారి తిప్పి బిగించాలి. కొద్దిగా కలబంద గుజ్జు చాలు. వారం వారం బిగించేవాళ్ల నుదుటి మీద, చెంపల దగ్గర జుట్టు పలచబడుతుంది. పక్కపక్క జడలు కుదుట్లో కలిసిపోకుండా, తలస్నానం అయ్యాక వేళ్లతో విడదీయడం మాత్రం మరవకూడదు. కొబ్బరినూనె మన ఇళ్లలో అలవాటు కాబట్టి పూర్తిగా మానమనడం కుదరదు గాని, నాలుగు చుక్కలు వేళ్లకు రాసుకుని మాడుకు అద్దుకుంటే చాలు. అమ్మమ్మలు పట్టించినంత నూనె పట్టిస్తే కొత్త జడలు జారి విడిపోతాయి.

అలంకరణ

కొత్త జడలను ఆరు నెలల దాకా వాటి మానాన వదిలేయడమే అందం. తర్వాత పై సగం వెనక్కి తీసి వదులుగా ముడేయడం, పక్కకు వేసుకోవడం, కుదురుకున్నాక రెండు రెండు కలిపి అల్లడం, కొప్పు చుట్టడం, ఇవన్నీ చేయవచ్చు. కొప్పు మన ఆడవాళ్లకు కొత్త కాదు, పిన్నులు లేకుండా జడతోనే జడను కట్టేయడం మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. గవ్వలు, కర్రపూసలు, రాగి చుట్లు బాగా నప్పుతాయి. ఈ ప్రాంతపు తండాల్లో లంబాడీ స్త్రీలు చెంపల పక్క జుట్టుకు కట్టే ఘుగ్రి, టోప్లి నగల పనితనాన్ని చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. అంత లోహాన్ని జుట్టుకు వేలాడదీసి పొలం పని చేసేవాళ్ల చేతికి, బరువు ఎక్కడ పడాలో తెలుసు. కొత్త జడకు మాత్రం ఒకటి రెండు పూసలకు మించి వద్దు. ఇనుపవి వాడితే తడికి తుప్పు మరక దిగుతుంది. మల్లెపూల దండ ముడి చుట్టూ పెట్టుకోవచ్చు గాని, వాడగానే తీసేయాలి, రేకులు లోపల కుళ్లుతాయి.

జబ్బులు, కొలువులు

చుండ్రు, పేలు, తామర, కుదుళ్ల వాపు ఎవరికైనా వచ్చేవే. జడల్లో వాటిని గుర్తించడం ఆలస్యమవుతుంది. పేల దువ్వెన దిగదు కాబట్టి పేల మందు వాడాలి, వారం పది రోజులకు ఈపులు పొదిగే సమయానికి మళ్లీ వాడాలి. గట్టిగా లాగి కట్టడం వల్ల ఊడిన జుట్టు మొదట్లో వదులు చేస్తే తిరిగి వస్తుంది, ఏళ్లు గడిస్తే రాదు. ఉన్నట్టుండి ఒక్క రాత్రిలో జుట్టంతా ముద్దకట్టడం కూడా వైద్యులకు తెలిసిన స్థితే. కొత్త షాంపూ, పొడవైన జుట్టు, గట్టి రుద్దుడు కలిసినప్పుడు అలా జరుగుతుంది. దీర్ఘకాలం మంచాన ఉన్నవాళ్లలో, మానసిక అస్వస్థతతో తలను పట్టించుకోనివాళ్లలో నెమ్మదిగా కట్టే ముద్ద వేరు. అక్కడ వైద్యం మనిషికి కావాలి, జుట్టు తర్వాత.

కొలువుల్లో జడలను చూసే చూపు ఇంకా మారలేదు. అమెరికాలో జుట్టు తీరును బట్టి వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టం చేసింది, తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు.

తీసేయడం

కావాలని పెంచినవాళ్లు తీయాలనుకుంటే రెండు దారులు. కుదురు దగ్గర రెండు అంగుళాలు వదిలి కోసి, మిగిలినదాన్ని విప్పడం తేలిక. మొత్తం పొడవు దక్కించుకోవాలంటే నూనె, కండిషనర్ దండిగా పట్టించి, కొస నుంచి మొదలుపెట్టి ఊలు అల్లే సూదితో పోగు పోగు విడదీయాలి. ఇద్దరు ముగ్గురు కూర్చున్నా రోజుల పని.

నమ్మకం వల్ల ఉంచుకున్న జడ విషయంలో తొందరపాటు కూడదు. మెడనొప్పి, మాడు మీద పుండు, చీము, పురుగు, కంపు ఉంటే దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో చర్మవైద్యుడికి వెంటనే చూపించాలి. జడ తీయడం వల్ల ఎవరికీ ఏ కీడూ జరగదని, వేలమంది తీయించుకుని మామూలుగా బతుకుతున్నారని జడ ఉన్నామెకు ఓపిగ్గా చెప్పాలి, వీలైతే అలా తీయించుకున్న ఒకామెను తీసుకొచ్చి మాట్లాడించాలి. ఆమె సరేనన్నాకే కత్తెర పట్టాలి. నిద్రపోతుండగానో, నలుగురూ పట్టుకునో కోయడం మాత్రం ఎవరూ చేయకండి.